సవారు, దఫేదారు, రిసాల్దారు: గుర్రపు దళం మాటల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ట్యాంకుల రెజిమెంటులో చేరి, దఫేదారుగా పెన్షన్ తీసుకొని చంద్రగిరి పక్కన మా ఊరికి తిరిగొచ్చాను. వచ్చిన వారంలోనే మా పెదనాయన అడిగినాడు: "దఫేదారంటే కలెక్టరు కారు తలుపు తీసేవాడే కదా నైనా? ఇన్నేండ్లు చిత్తూరులోనే ఉండి పండగలకైనా రాకపోతివే!" ఆయనకు విషయం ఎక్కించడానికి ఒక సాయంత్రం పట్టింది. ఆ తరువాత సైన్యం భర్తీకి తెల్లవారుజామున పరుగెత్తే పిల్లలు, కోట చూడ్డానికొచ్చే చుట్టాలు, పెన్షన్ కాగితాలు తిరగేసే గుమాస్తాలు అవే ప్రశ్నలు అడుగుతూ వచ్చారు. జవాబులు ఒకచోట పెడితే నా గొంతుకు విశ్రాంతి.

ట్యాంకు నడిపేవాణ్ణి సవారు అంటారేందన్నా? గుర్రమేదీ?

గుర్రం పోయింది, పేరు మిగిలింది. మన సైన్యంలో పదాతి దళంలో చేరినవాడు సిపాయి, ట్యాంకుల దళంలో చేరినవాడు సవారు. పారసీలో సవార్ అంటే గుర్రమెక్కినవాడు. దాని పాత రూపం 'అసబార'. అందులో 'అస' మన 'అశ్వ'కు తోబుట్టువు, 'బార' మన 'భారం'లోని ధాతువే. గుర్రం వీపున మోసుకుపోయే మనిషి అన్నమాట. మనం సవారీ అన్నా, స్వారీ అన్నా ఆ మాటే.

శిక్షణలో ఉన్నప్పుడు పలమనేరు నుంచి వచ్చిన నా జతగాడు ఈ ప్రశ్నే వచ్చీరాని హిందీలో ఉస్తాదును అడిగాడు. "గుర్రాలు ఎక్కడ కట్టేసినారు సార్?" అని. జవాబుగా మైదానం చుట్టూ పరుగెత్తాడు. మాకందరికీ ఆ మాట జన్మలో మరిచిపోకుండా గుర్తుండిపోయింది.

మరి మిగతా హోదాలు?

పదాతిలో లాన్స్ నాయక్ అయ్యేవాడు ఇక్కడ యాక్టింగ్ లాన్స్ దఫేదారు. నాయక్ అయ్యేవాడు లాన్స్ దఫేదారు. హవల్దారు అయ్యేవాడు దఫేదారు. నాయబ్ సుబేదారుకు బదులు నాయబ్ రిసాల్దారు, సుబేదారుకు బదులు రిసాల్దారు, అందరి మీదా రిసాల్దార్ మేజర్. జీతం అదే, మర్యాదా అదే. కాకపోతే పెన్షన్ కాగితాల దగ్గర తికమక పడతారు. 'దఫేదారు, హవల్దారు సమానం' అని పక్కన రాసుకొని పోండి, ఆఫీసు చుట్టూ రెండు తిరుగుళ్ళు తగ్గుతాయి.

'లాన్స్' సంగతి కూడా చాలామంది అడుగుతారు. లాన్స్ అంటే బల్లెం. గుర్రం పోగొట్టుకొని కాలినడక సైన్యంలో కలిసిన ఆశ్వికుణ్ణి ఇటలీలో 'విరిగిన బల్లెం' అనేవాళ్ళు. ఆ మాట ఫ్రాన్సు, ఇంగ్లండుల మీదుగా మన దాకా వచ్చి లాన్స్ నాయక్ అయింది. పక్కనున్న 'నాయక్' మాత్రం మన నాయకుడే. సగం ఇటలీ, సగం మన దేశం.

దఫేదారు అనే మాట కలెక్టరాఫీసుకు ఎట్లా పోయింది?

దఫా అంటే ఇక్కడ చిన్న జట్టు. ఆ జట్టు రౌతులకు పెద్ద దఫేదారు. కంపెనీ కాలం నుంచీ సైన్యమూ కచ్చేరీ పక్కపక్కనే బతికాయి, హోదాల పేర్లు అటునుంచి ఇటు దిగాయి. జమేదారు కూడా అంతే. సైన్యంలో అది పెద్ద హోదా, 1965లో పేరు మార్చి నాయబ్ సుబేదారు, నాయబ్ రిసాల్దారు అన్నారు. బయట ఆఫీసుల్లో జమేదారంటే బంట్రోతుల్లో పెద్ద. కాబట్టి మా పెదనాయన పూర్తిగా తప్పేం కాదు. కలెక్టరు దఫేదారు నడుముకున్న ఎర్ర పట్టీ చూసినప్పుడల్లా, ఈయనా నేనూ ఒకే లాయం నుంచి వచ్చినవాళ్ళమే కదా అనిపిస్తుంది.

రిసాలా, స్క్వాడ్రన్, ట్రూపు అంటే ఎన్ని?

రిసాలా అంటే గుర్రపు దండు, దాని అధికారి రిసాల్దారు. ఇప్పటి ట్యాంకుల లెక్కలో ట్రూపుకు 3 ట్యాంకులు, స్క్వాడ్రన్‌కు 14, మూడు స్క్వాడ్రన్ల రెజిమెంటుకు 45. యుద్ధం చేసే స్క్వాడ్రన్‌ను ఇప్పటికీ 'సేబర్ స్క్వాడ్రన్' అంటారు. సేబర్ అంటే రౌతు పట్టే వంపు కత్తి. ట్యాంకులో కత్తి ఎక్కడుంటుందని అడక్కండి. స్క్వాడ్రన్ విమానాలకు కూడా ఎగిరిపోయింది, వాయుసేనలో స్క్వాడ్రన్ లీడర్ ఉన్నాడు కదా.

ట్యాంకుకు ఎన్ని గుర్రాల బలం?

ట్రాక్టరున్న ప్రతి రైతూ అడిగే ప్రశ్న. ఒక హార్స్ పవర్ సుమారు 746 వాట్లు. టీ-72 ఇంజను 780 హార్స్ పవర్, లోపల కూర్చునేది ముగ్గురు. అర్జున్ ట్యాంకుది 1400. మీ ట్రాక్టరు 45 అనుకుంటే టీ-72 పదిహేడు ట్రాక్టర్ల పెట్టు. దున్నడానికి మాత్రం పనికిరాదు, చేను మళ్ళీ చేనులాగా ఉండదు.

డెక్కన్ హార్స్, పూనా హార్స్, లైట్ కావల్రీ: ఈ పేర్లలో తేడా ఏముంది?

ఇప్పుడు పనిలో తేడా లేదు, అన్నీ ట్యాంకుల రెజిమెంట్లే. హార్స్ అన్నా, కావల్రీ అన్నా గుర్రపు దళమే. పేర్లు పుట్టుకను చెబుతాయి. డెక్కన్ హార్స్ 1790లో నిజాం కొలువులో పుట్టింది. 1916లో ఫ్రాన్సులోని సోమ్ యుద్ధంలో బల్లేలతో గుర్రాల మీద దాడి చేసినవాళ్ళలో ఈ రెజిమెంటు ఉంది. 1965లో పాకిస్తానుతో యుద్ధంలో పంజాబులోని అసల్ ఉత్తర్ దగ్గర షెర్మన్ ట్యాంకులతో పోరాడింది. పూనా హార్స్ అనగానే పరమవీర చక్ర పొందిన ఇద్దరు గుర్తుకొస్తారు, 1965లో తారాపూర్, 1971లో అరుణ్ ఖేతర్‌పాల్. తారాపూర్ అంతకుముందు హైదరాబాదు సంస్థానం లాన్సర్లలో, అంటే బల్లెం పట్టే గుర్రపు దళంలో, పనిచేసినవాడే.

మన చిత్తూరు వాళ్ళకు దగ్గరిది 16 లైట్ కావల్రీ. అది 1776లో ఆర్కాటు నవాబు కోసం లేచిన గుర్రపు దళం, తరువాత మద్రాసు సైన్యంలో కలిసింది. ఆర్కాటంటే మనకు పరాయిది కాదు, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా మనం ఉత్తర ఆర్కాటు జిల్లా వాళ్ళమే. ఆ ఆర్కాటు దండులో ఎప్పుడూ గుర్రపు రెజిమెంట్లు ఉండేవి. 1806 జూలై 10న వేలూరు కోటలో సిపాయిలు తిరగబడినప్పుడు గిల్లెస్పీ అనే అధికారి ఆర్కాటు నుంచే 19వ లైట్ డ్రాగూన్లను దౌడు తీయించుకొని పోయాడు. వెనకాల గుర్రాలు లాగే తేలిక ఫిరంగులు పోయి కోట తలుపు పగలగొట్టాయి. డ్రాగూన్ అంటే మొదట్లో గుర్రం మీద వచ్చి, దిగి నేలమీద పోరాడేవాడు. చిత్తూరు నుంచి వేలూరు బస్సెక్కిన ప్రతిసారీ నాకు ఆ తెల్లవారుజామే గుర్తుకొస్తుంది. మన సిపాయిలను అణచడానికి పోయిన దౌడు అది, అందుకని గొప్పగా చెప్పుకోబుద్ధి కాదు.

కావల్రీ, కల్వరి ఒకటేనా?

కాదు. కావల్రీ లాటిన్‌లో గుర్రానికున్న మాట నుంచి వచ్చింది. కల్వరి ఏసుక్రీస్తును సిలువ వేసిన కొండ. నౌకాదళంలో ఐఎన్‌ఎస్ కల్వరి అనే జలాంతర్గామి ఉంది, అది మలయాళంలో ఒక సొరచేప పేరు. మూడింటినీ కలిపి ఒక కుర్రాడు పరీక్షలో రాశాడు, అందుకే ఇక్కడ పెట్టాను.

సిలేదారు, బార్గీరు అంటే ఎవరు?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న. సిలేదారు సొంత గుర్రం, సొంత ఆయుధం తెచ్చుకొని కొలువులో చేరేవాడు. బార్గీరు సర్కారు ఇచ్చిన గుర్రమెక్కేవాడు. మరాఠా సైన్యంలో ఇద్దరూ ఉండేవాళ్ళు. బార్గీర్ల దాడులకు బెదిరిన బెంగాలీలు ఇప్పటికీ పిల్లల్ని 'బర్గీలొచ్చారు, పడుకో' అని జోకొడతారు. మైసూరులో సిలేదారుల దళమే వేరుగా ఉండేది.

తిరుపతిలో లీలామహల్ సర్కిల్లో నిలబడి చూడండి. సొంత బండి, సొంత పెట్రోలుతో అన్నం పొట్లాలు మోసే కుర్రాడు సిలేదారు. బండి చెడితే ఆ రోజు కూలి లేదు, బాగుచేయించుకోవడం వాడి నెత్తినే. కొండ మీదికి బస్సు నడిపే ఆర్టీసీ డ్రైవరు బార్గీరు. బస్సు ఆగిపోతే డిపో చూసుకుంటుంది. పాత సిలేదారు బాధ కూడా ఇదే. గుర్రం చస్తే బతుకు పోయినట్టే, కాబట్టి యుద్ధంలో గుర్రాన్ని ముందుకు తోయడానికి వెనకాడేవాడు. బ్రిటిషు కాలంలో కూడా భారత గుర్రపు రెజిమెంట్లు చాలావరకు ఈ పద్ధతిలోనే నడిచాయి. మద్రాసు మూడు రెజిమెంట్లు మాత్రం సర్కారు గుర్రాలవి. మొదటి ప్రపంచ యుద్ధంలో వేల గుర్రాలు పోతుంటే ఎవరి గుర్రానికి ఎవరు డబ్బు కట్టాలో తేలక ఆ పద్ధతి కూలిపోయింది.

'పాగా వేశారు' అని పేపర్లో రాస్తారే, దానికీ గుర్రాలకూ సంబంధముందా?

ఉందనే నా అభిప్రాయం. మరాఠీలో పాగా అంటే గుర్రాల లాయం, ఆ లాయం కిందున్న దళం. గుర్రాలను కట్టేశారంటే ఆ ఊరు వాళ్ళదైనట్టే. మన ప్రాంతానికి ఆ అనుభవం ఉంది. 1740 మే 20న దామలచెరువు కనుమలో రఘూజీ భోంస్లే మరాఠా సేన ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్‌ను చంపింది. ఇప్పుడు మామిడికాయల లారీలు నిలబడే దామలచెరువే అది. తరువాత మైసూరు గుర్రాలొచ్చాయి. హైదర్ అలీ 1782 డిసెంబరులో చనిపోయింది కూడా చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలోనే. ఇన్ని దండులు తొక్కిన నేల కాబట్టే ఇన్ని మాటలు మన నోట్లో మిగిలాయి.

చంద్రగిరి రాజు చచ్చిన గుర్రాలకు కూడా డబ్బిచ్చాడంట, నిజమా?

నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి అట్లాగే రాశాడు. చంద్రగిరి నుంచి ఎదిగి విజయనగరం గద్దెనెక్కిన సాళువ నరసింహరాయలు వెయ్యి పర్దావులకు, అంటే బంగారు నాణేలకు, మూడు గుర్రాల లెక్కన కొనేవాడంట, బతికినా చచ్చినా. సముద్రంలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానికి ఇచ్చినట్టే డబ్బు. వినడానికి పిచ్చిగా ఉంటుంది గానీ నాకు అందులో తెలివి కనిపిస్తుంది. అరబ్బు, పారసీక గుర్రాలు మన ఎండకూ మేతకూ సరిగా వృద్ధి కావు, ప్రతి ఏడూ ఓడల్లో రావాల్సిందే. దారిలో నష్టం తనదే అన్నవాడి దగ్గరికే వ్యాపారి వస్తాడు, పక్క సుల్తాను దగ్గరికి పోడు. ఆ తరువాతి రాయలు పారసీక తీరంలోని హోర్ముజు రేవు గుర్రాలు ఏటా 13,000 కొనేవాడని కూడా నూనిజే రాశాడు. అమ్ముకునేవాడు చెప్పిన లెక్క కాబట్టి కాస్త తగ్గించుకొని చదువుకోవచ్చు.

అశ్వపతి, రౌతు, సాహిణి: ఇవి బిరుదులా, ఉద్యోగాలా?

అశ్వపతి బిరుదు. ఢిల్లీ సుల్తానులు అశ్వపతులు, ఒడిశా రాజులు గజపతులు, విజయనగరం వాళ్ళు నరపతులు. ఎవరి బలం దేనిలో ఉందో పేరే చెబుతుంది. రౌతు రాజపుత్ర అనే మాట అరిగి అరిగి అయింది, గుర్రమెక్కి పోరాడేవాడు. సాహిణి కాకతీయుల కాలంలో గుర్రపు దళాన్ని చూసుకునే పెద్ద. గణపతిదేవుడి కొలువులోని గంగయ సాహిణి పేరు విన్నారు కదా. రౌతు ఇప్పుడు సామెతలో బతికున్నాడు: రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందంట. మా రిసాల్దారు సాబుకు తెలుగు రాదు గానీ ఈ సామెతను మాత్రం రోజూ పాటించేవాడు.

గుర్రం సామానుకు మన మాటలేవి?

నోట్లో పెట్టేది కళ్ళెం. సంస్కృతంలో ఖలీనం, అది గ్రీకుల నుంచి వచ్చిందంటారు. చేత్తో పట్టేది పగ్గం. వీపు మీద జీను, కాలు పెట్టేది రికాబు, రెండూ పారసీ వాళ్ళతో వచ్చినవి. రికాబుకు తెలుగులో అంకవన్నె అనే చక్కని మాట ఉండేది, ఎందుకో పోగొట్టుకున్నాం. డెక్కకు కొట్టేది లాడం, నాడా అన్నా అదే. సంతలో ఎద్దులకు లాడాలు కొట్టేవాళ్ళను మీరు చూసే ఉంటారు, రెజిమెంటులో ఆ పని చేసేవాడు నాల్‌బందు. గుర్రాన్ని మాలిష్ చేసి మేపేవాడు సైసు. వైద్యం చేసేవాడు సలోత్రీ. ఆ చివరి పేరు వెనక గుర్రాల వైద్యం రాసిన శాలిహోత్ర మహర్షి ఉన్నాడు, ఋషి పేరు బ్యారక్ దాకా నడిచొచ్చింది.

గుర్రాన్ని ఎడమ వైపు నుంచే ఎందుకెక్కాలి?

కత్తి ఎడమ నడుముకు వేలాడుతుంది, కుడి చేత్తో దూయడానికి. కుడి వైపు నుంచి ఎక్కితే ఆ కత్తి కాళ్ళకు అడ్డం పడుతుంది. కత్తులు పోయినా అలవాటు పోలేదు. గుర్రాలు కూడా దానికే మరిగాయి.

ఉలవలను ఇంగ్లీషులో గుర్రం పేరుతో పిలుస్తారెందుకు?

ఉత్తరాది దళాలు గుర్రాలకు సెనగలు పెట్టేవి. మద్రాసు సైన్యంలో మేత ఉలవలే, అవీ ఉడికించినవి. పచ్చివి గట్టిగా ఉంటాయి, సరిగా అరగవు. కాబట్టి ప్రతి లాయం పక్కనా పెద్ద గుండిగలు, తెల్లవారకముందే పొయ్యి, గుగ్గిళ్ళ వాసన. హార్స్ గ్రామ్‌లోని గ్రామ్ పోర్చుగీసు వాళ్ళ 'గింజ'. గుర్రాల మేతను పిలిచే దాణా కూడా పారసీలో గింజే.

మనకిది చిన్నచూపుగా అనిపిస్తుంది, గుర్రం తిండి తింటున్నామా అని. నాకైతే తిరగబడి అనిపిస్తుంది. వానలు వెనకబడి వేరుశనగ పోయిన ఏడు కూడా మెట్ట చేలల్లో చివరి పదునులో చల్లితే పండేది ఉలవలే. మేం తిని మిగిలిందే గుర్రానికి పోయింది. రాగిసంగటిలో ఉలవచారు పోసుకొని పెరిగిన వాణ్ణి, ఎడారిలో ట్యాంకు లోపల చెమటలు కారుతుంటే నాకు గుర్తుకొచ్చింది అదే గిన్నె. మెస్సులో వంటవాణ్ణి బతిమాలి ఒకసారి చేయించాను. పంజాబు జతగాళ్ళు ఒక గుటక తాగి, "ఇది ఘోడా దానా కదా" అన్నారు. సవారుకు అది కాకపోతే ఇంకేం పెడతారు అన్నాను.

ఘోడా అంటే తుపాకీలో కూడా ఏదో అంటారే?

అవును. హిందీ వాళ్ళు తుపాకీ నొక్కే మీటను, దాంతో పడే సుత్తిని ఘోడా అంటారు. తమిళంలోనూ కుదిరై అంటే గుర్రమే, తుపాకీలో ఆ భాగం పేరూ అదే. ఉస్తాదు "ఘోడా దబావ్" అని అరిస్తే గుర్రం కోసం చూడకండి.

కానిస్టేబులుకు, గుర్రానికి సంబంధం ఉందంటే నమ్మాలా?

నమ్మాలి. లాటిన్‌లో 'కోమెస్ స్టాబులి' అంటే లాయానికి అధికారి. రాజుగారి లాయం చూసినవాడు సేనాధిపతి అయ్యాడు, ఆ పేరు దిగుతూ దిగుతూ అలిపిరి దగ్గర బండి కాగితాలు అడిగేవాడికి చేరింది. మార్షల్ ఇంకా తమాషా. పాత జర్మన్ భాషల్లో దాని అర్థం గుర్రాల సేవకుడు. వాయుసేనలో ఎయిర్ మార్షల్ ఎంత పెద్ద హోదానో తెలుసు కదా. శాసనసభలో సభ్యుణ్ణి ఎత్తుకొని బయట పెట్టేవాళ్ళూ మార్షల్సే. కోర్టు మార్షల్ మాత్రం ఈ కుటుంబం కాదు, అది రోమన్ల యుద్ధ దేవుడు మార్స్ నుంచి వచ్చింది.

గుర్రం ఎత్తు ఎట్లా చెబుతారు?

మూపు దాకా కొలిచి, 'హ్యాండ్స్'లో. ఒక హ్యాండ్ 4 అంగుళాలు, మన బెత్తెడు కంటే కాస్త ఎక్కువ. 15.2 అని రాస్తే పదిహేను హ్యాండ్ల మీద 2 అంగుళాలు, అంటే 62 అంగుళాలు. దశాంశం అనుకొని లెక్క వేయకండి.

గుర్రంకొండకు ఆ పేరెందుకు? శ్రీవారి అశ్వవాహనం ఎప్పుడు?

పాత చిత్తూరు జిల్లా గుర్రంకొండలో కోటకు ఒక గుర్రం కాపలా ఉండేదని, అది ఉన్నన్నాళ్ళు కోట పడదని, ఒక మరాఠా దొంగ కొండెక్కి దాన్ని తోలుకుపోయాడని కథ చెబుతారు. అశ్వవాహనం బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు రాత్రి, స్వామి కల్కిగా వస్తాడు. తిరుచానూరు అమ్మవారికీ ఎనిమిదో రాత్రే.

ఇప్పుడు సైన్యంలో నిజం గుర్రాలున్నాయా?

ఉన్నాయి. జైపూరులో 61 కావల్రీ ఉంది, 1953లో సంస్థానాల గుర్రపు దళాలను కలిపి చేసింది. ఢిల్లీలో రాష్ట్రపతి అంగరక్షక దళం ఉంది, అది 1773 నాటిది. గుర్రాలను, కంచరగాడిదలను పెంచి వైద్యం చేసే రీమౌంట్ వెటర్నరీ కోర్ కూడా ఉంది. ఢిల్లీకి పోతే తీన్ మూర్తి దగ్గర ఆగి చూడండి. ఆ మూడు విగ్రహాలు హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్లవి. 1918 సెప్టెంబరు 23న జోధ్‌పూర్, మైసూరు రౌతులు మెషిన్ గన్ల ఎదుట బల్లేలతో దౌడు తీసి, ఇప్పటి ఇజ్రాయెల్‌లో ఉన్న హైఫా పట్టణం గెలిచారు. ఇరవై ఏళ్ళకే, 1938లో, సింధ్ హార్స్ గుర్రాలను వదిలి బండ్లెక్కింది. తక్కినవి కూడా వరసగా దిగాయి.

మీరెప్పుడైనా గుర్రం ఎక్కారా?

ఒక్కసారి. మా తమ్ముడి పెళ్ళి ఊరేగింపు చిత్తూరులో. పెళ్ళికొడుకు భయపడితే, మిలిటరీ అన్నవు కదా, ముందు నువ్వెక్కి చూపించన్నా అన్నారు. ఇన్నేళ్ళు ట్యాంకు ఎక్కిన అలవాటు, ఎటు ఖాళీ ఉంటే అటు ఎక్కడం. కుడి వైపు నుంచి కాలు వేశాను. గుర్రం పక్కకు జరిగింది, నేను బ్యాండు మేళం మధ్యలో పడ్డాను. గుర్రం తోలే పెద్దాయన పగ్గం సర్దుకుంటూ, "ఏ రెజిమెంటు సార్ తమరిది?" అని అడిగినాడు. పదాతి దళం అని చెప్పాను.